క్లాసు తీసేస్తే దాని పని ఎవరు చేస్తారు?

టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ పాచికలతో కథ నడిపే సూపర్‌హీరో ఆట మొదలుపెడదామనుకున్న ఏ బృందంలోనైనా ఈ తగువు రాక మానదు. ఇలాంటి ఆటల్లో మొదటిదైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడి వచ్చినవాళ్లు పుస్తకం తిరగేసి "క్లాసుల చాప్టర్ ఏది?" అంటారు. క్లాసంటే యోధుడు, మాంత్రికుడు లాంటి ముందే కట్టిపెట్టిన పాత్ర రకం. పక్కవాళ్లు "సూపర్‌హీరోలకు క్లాసులేంట్రా బాబూ, పాయింట్లిస్తే ఎవరికి కావలసినట్టు వాళ్లు కట్టుకుంటాం" అంటారు. గచ్చిబౌలి ఫ్లాట్ హాల్లోనైనా, బోర్డ్ గేమ్ కేఫ్‌లో ఆదివారం బుక్ చేసుకున్న టేబుల్ దగ్గరైనా ఈ వాదన అరగంటకు తక్కువ పోదు. చివరికి పుస్తకం ఎవరు కొన్నారో వాళ్ల మాటే చెల్లుతుంది, ఎందుకంటే సాధారణంగా జీఎం (కథ నడిపే గేమ్ మాస్టర్) కూడా వాళ్లే.

వాదన తెగకపోవడానికి కారణం ఉంది. క్లాసు ఒక్క రూలు కాదు, ఐదు వేర్వేరు పనుల్ని ఒకే పేరు కింద చేసిపెట్టే ఏర్పాటు. క్లాసులు లేని ఆటల్లో ఆ పేరు పోతుంది గానీ పనులు పోవు. కొన్నింటిని పుస్తకం ఇంకో చోటికి మారుస్తుంది, కొన్నింటిని చెప్పాపెట్టకుండా జీఎం నెత్తిన పెడుతుంది. ఏ ఆటలో ఏ పని ఎక్కడికి పోయిందో కనిపెడితే, ఏది కొనాలో, కొన్నాక ఏం సర్దుకోవాలో దానంతటదే తేలుతుంది.

ఒక్క పేరు, ఐదు పనులు

1974లో వచ్చిన మొదటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో క్లాసులు మూడే: యోధుడు, మాంత్రికుడు, మతగురువు. ఆ మూడూ చేసిన పనులు చూడండి. మొదటిది, ఊహకు పట్టు దొరకడం. "నేను మాంత్రికుణ్ణి" అనగానే కొత్త ఆటగాడికి తన బొమ్మ సగం గీసినట్టే. రెండోది, ఎవరి వాటా వాళ్లకు మిగలడం. గాయాలు మాన్పేది మతగురువే కాబట్టి ఆ సందర్భం వచ్చినప్పుడు అందరూ అతని వైపే తిరుగుతారు. మూడోది, పైహద్దు. మొదటి లెవెల్ మాంత్రికుడు నిప్పు గోళం విసరలేడు, ఎంత బతిమాలినా సరే. నాలుగోది, కింది హద్దు. యోధుణ్ణి ఎంచుకున్నవాడు రూల్స్ ఒక్క పేజీ చదవకపోయినా దెబ్బలు ఓర్చుకునే శక్తీ, కవచం వేసుకునే హక్కూ వాటంతటవే వస్తాయి. ఐదోది, ఎదిగే దారి: తరవాతి లెవెల్లో ఏం దొరుకుతుందో ముందే రాసి ఉంటుంది.

ఈ ఐదింటిలో నాలుగోదాన్ని జనం లెక్కలోకి తీసుకోరు. క్లాసు అనగానే "కట్టిపడేస్తుంది" అన్న ఫిర్యాదు వినిపిస్తుంది గానీ, అది చేతకాని ఆటగాణ్ణి ఎంత కాపాడుతుందో ఎవరూ చెప్పరు. సూపర్‌హీరో ఆటల్లో టేబుళ్లు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆ సంగతి లెక్కలతో సహా కింద చూద్దాం.

కేపు కట్టుకున్నవాళ్లకు క్లాసు ఎందుకు అతకదు

మాయాలోకపు కథల్లో శక్తి ఎక్కడినుంచి వచ్చింది, ఏ రూపంలో ఉంది, బృందంలో దానితో ఏం చేస్తారు అన్న మూడూ కలిసే నడుస్తాయి. మాంత్రికుడంటే చదువు వల్ల వచ్చిన శక్తి, మంత్రాల రూపం, దూరం నుంచి దెబ్బ. సూపర్‌హీరోల దగ్గర ఈ మూడింటికీ పొంతన ఉండదు. ఎగరడం, బండరాయంత బలం, తూటా దిగని ఒళ్లు ఉన్న పాత్ర వేరే గ్రహంవాడు కావచ్చు, ఇనుప సూటు తొడుక్కున్న ఇంజనీరు కావచ్చు, దేవుడి వరం పొందినవాడు కావచ్చు. ముగ్గురూ టేబుల్ మీద చేసే పని ఒక్కటే. అటు తిప్పితే, సూటు తొడుక్కున్న ఇద్దరిలో ఒకరు కొండలు పిండి చేయొచ్చు, ఇంకొకరు కనిపించకుండా కంప్యూటర్లలోకి చొరబడొచ్చు.

అయినా క్లాసు ఆలోచన మొదటి నుంచీ వెంటాడుతూనే ఉంది. 1977లో వచ్చిన సూపర్‌హీరో: 2044 ఈ తరహాలో అచ్చయిన తొలి ఆట. అందులోనే హీరోలను యునీక్, ఊబర్‌మెన్ష్, టూల్‌మాస్టర్ అని మూడు రకాలు చేశారు. 1979 నాటి విలన్స్ అండ్ విజిలాంటీస్ ఆ గొడవే లేకుండా శక్తులను పాచికలకు వదిలేసింది. పైగా ఆటగాడు తన సొంత మనిషినే హీరోగా మార్చుకోవాలి. 1981లో ఛాంపియన్స్ పాయింట్ల పద్ధతి తెచ్చింది. అంటే నాలుగేళ్లలోనే మూడు దారులూ తెరుచుకున్నాయి: రకాలు, లాటరీ, కొనుగోలు. ఆ తరవాత వచ్చినవన్నీ ఈ మూడింటి కలగలుపులే.

మూలాన్ని క్లాసుగా వాడదామన్న ప్రయత్నమూ జరిగింది. 1986 నాటి మార్వెల్ సూపర్ హీరోస్ అడ్వాన్స్‌డ్ సెట్‌లో మార్పు చెందిన మనుషులు, మ్యూటెంట్లు (పుట్టుకతోనే శక్తులున్నవాళ్లు), హైటెక్, రోబోలు, ఏలియన్లు అని ఐదు మూలాలున్నాయి. మ్యూటెంట్ అంటే శక్తి ఎలా వచ్చిందో తెలుస్తుంది, ఆ మనిషి ఏం చేస్తాడో తెలియదు. పైన చెప్పిన ఐదు పనుల్లో మొదటిదాన్ని సగం చేసి ఆగిపోయింది. పల్లేడియం వాళ్ల హీరోస్ అన్‌లిమిటెడ్ (1984) ఇంకా ముందుకెళ్లి శక్తి వర్గాలను అచ్చం క్లాసుల్లా, లెవెళ్లతో సహా పెట్టింది. ఒక వర్గంలో గట్టి శిక్షణ పొందిన మామూలు మనిషి, ఇంకో వర్గంలో అద్భుత శక్తులున్నవాడు. ఇద్దరూ మొదటి లెవెలే. కథగా చదివితే బాగుంటుంది, టేబుల్ మీద మాత్రం మొదటివాడు మూడో గంటకల్లా ఫోన్ చూసుకుంటూ ఉంటాడు.

ఎదుగుదల సంగతి వేరే చెప్పాలి. లెవెళ్ల పద్ధతి బలహీనుడు బలవంతుడయ్యే కథ చెబుతుంది. సూపర్‌హీరో మొదటి రోజే బస్సు ఎత్తుతాడు, వందో కథలోనూ అదే బస్సు ఎత్తుతాడు. అందుకే ఈ ఆటల్లో ఐదో పనిని చాలామంది దాదాపు వదిలేశారు, దానివల్ల పెద్ద నష్టమేమీ జరగలేదు.

150 పాయింట్ల "హైటెన్షన్"

ఇప్పుడు ఒక పాత్రను దగ్గర పెట్టుకుని చూద్దాం. ఆట మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ మూడో ఎడిషన్. 2002లో మొదటి ఎడిషన్ వచ్చినప్పుడే ఇది అప్పటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్ అస్థిపంజరం తీసుకుని, క్లాసులూ హిట్ పాయింట్లూ (పాత్ర ప్రాణం ఎంత మిగిలిందో చెప్పే అంకె) తీసేసింది. మిగిలింది ఇరవై ముఖాల పాచిక ఒక్కటి. వేరే పాచిక దేనికీ అక్కర్లేదు.

మామూలుగా ఆట పవర్ లెవెల్ (పాత్రల బలానికి హద్దు పెట్టే అంకె) 10 దగ్గర మొదలవుతుంది, దానికి 150 పాయింట్లు. మన పాత్ర హైదరాబాద్ కరెంటు లైన్‌మన్. వర్షాకాలం ట్రాన్స్‌ఫార్మర్ మీద పనిలో ఉండగా శక్తులొచ్చాయి, పేరు హైటెన్షన్. ఖర్చు ఇలా పడుతుంది. ఎనిమిది ఎబిలిటీలకు (పాత్ర మూల లక్షణాలకు) ర్యాంకుకు, అంటే ఒక్కో మెట్టుకు, 2 చొప్పున: స్టామినా 2, అజిలిటీ 3, డెక్స్‌టెరిటీ 3, ఫైటింగ్ 3, ఇంటలెక్ట్ 1, అవేర్‌నెస్ 2, ప్రెజెన్స్ 2, బలం సున్నా. మొత్తం 16 ర్యాంకులు, 32 పాయింట్లు. దూరం నుంచి కొట్టే మెరుపు 10 ర్యాంకులు, ర్యాంకుకు 2 కాబట్టి 20. ఎగరడం 8 ర్యాంకులు, 16. చుట్టూ విద్యుత్ పొర 8 ర్యాంకులు, 8. కరెంటు దెబ్బ తనకు తగలకుండా ఇమ్యూనిటీ 5. రక్షణలు పెంచడానికి 29: దీంతో డాడ్జ్ (దూరపు దాడి తప్పించుకోవడం) 10, ప్యారీ (దగ్గరి దెబ్బ కాచుకోవడం) 10, ఫార్టిట్యూడ్ (ఒంటి ఓర్పు) 9, విల్ (మనోబలం) 10 అవుతాయి. నైపుణ్యాలు 50 ర్యాంకులు, పాయింటుకు రెండు చొప్పున 25. ఇందులో 7 ర్యాంకులు మెరుపుతో గురి పెట్టడానికి పోతాయి. అడ్వాంటేజీలు (చిన్న చిన్న ప్రత్యేక వెసులుబాట్లు) 12. కూడితే 147. మిగిలిన 3 పాయింట్లతో ఏం చేస్తాడో అందులోనే అసలు కథ ఉంది.

ఒక పవర్‌కు ఆల్టర్నేట్ ఎఫెక్ట్ (అదే శక్తిని ఇంకో రూపంలో వాడటం) కొనడానికి ఒక్క పాయింటే. షరతు ఒకటే: ఒక సమయంలో ఒకటే వాడాలి, దాని ధర అసలు పవర్ ధర దాటకూడదు. కాబట్టి ఆ 3 పాయింట్లతో హైటెన్షన్ ఇంకో మూడు కొంటాడు. దూరం నుంచి ఒళ్లు కొంకర్లు పోయేలా చేసే అఫ్లిక్షన్, చుట్టూ ఉన్న గుంపునంతా ఒకేసారి కొట్టే పేలుడు, ఎలక్ట్రానిక్ పరికరాలన్నింటినీ ఆపేసే నలిఫై. ఒక్కొక్కటీ విడిగా కొంటే 20. నాలుగూ కలిపి 80 కావలసింది 23లో వచ్చాయి.

రూల్ ప్రకారం ఇది మోసం కాదు, ఆట ఉద్దేశమే అది. మెరుపు వీరుడు మెరుపుతో నాలుగు రకాల పనులు చేయడం కామిక్స్‌లో మామూలే. కానీ అదే టేబుల్ మీద ఒకరు మెషిన్లను ఆపే గ్యాడ్జెట్ నిపుణుణ్ణి కట్టుకుని ఉంటే? అతను తన బడ్జెట్‌లో సింహభాగం పెట్టి సంపాదించిన చోటును హైటెన్షన్ ఒక్క పాయింటుకు ఆక్రమించాడు. క్లాసు చేసే రెండో పని, ఎవరి వాటా వాళ్లకు మిగల్చడం, ఇక్కడ పుస్తకంలో ఎక్కడా లేదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత ఉండనే ఉంది. ఈ ఆట ఒరలు ఇవ్వదు, కత్తులు మాత్రం చవగ్గా అమ్ముతుంది.

పైకప్పు ఉంది, నేల లేదు

మూడో పని మాత్రం ఈ ఆట చాలా శ్రద్ధగా చేస్తుంది. దాడి బోనస్ (గురి), ఎఫెక్ట్ (దాడికి వాడే పవర్) ర్యాంకు కలిపి పవర్ లెవెల్‌కు రెట్టింపు దాటకూడదు, అంటే 20. డాడ్జ్, టఫ్‌నెస్ (దెబ్బ తగిలాక ఓర్చుకునే గట్టిదనం) కలిపి 20. ప్యారీ, టఫ్‌నెస్ కలిపి 20. ఫార్టిట్యూడ్, విల్ కలిపి 20. ఏ నైపుణ్యమైనా పవర్ లెవెల్‌కు పది కలిపినంత వరకే. హైటెన్షన్ దాడి 10 (డెక్స్‌టెరిటీ 3, గురి 7), మెరుపు 10. టఫ్‌నెస్ 10 (స్టామినా 2, విద్యుత్ పొర 8), డాడ్జ్ 10. ఈ రెండు జతలూ హద్దుకు సరిగ్గా ఆనుకుని ఉన్నాయి.

ఈ జత లెక్కలో ఒక తెలివుంది. మెల్లగా కదిలే బండవాడు టఫ్‌నెస్ 14, డాడ్జ్ 6 పెట్టుకోవచ్చు. మెరుపు వేగంతో పరిగెత్తేవాడు టఫ్‌నెస్ 5, డాడ్జ్ 15 పెట్టుకోవచ్చు. మొత్తం మారదు, తీరు మారుతుంది. క్లాసు లేకుండానే రెండు రకాల యోధులు పుట్టారు.

ఇబ్బంది ఎక్కడంటే, దాటకూడదని ఉంది గానీ చేరాలని ఎక్కడా లేదు. కొత్త ఆటగాడు నైపుణ్యాల మీద, సరదా పవర్ల మీద పాయింట్లు ఖర్చుపెట్టి టఫ్‌నెస్ 5, డాడ్జ్ 8 దగ్గర ఆగిపోతాడు. షీటు రూల్స్ ప్రకారం తప్పు కాదు, సాఫ్ట్‌వేర్‌లో నింపినా ఎర్ర గీత పడదు. ఇక పోరాటంలో ఏం జరుగుతుందో చూడండి.

ప్రత్యర్థి దాడి +10, దెబ్బ ర్యాంకు 10 అనుకోండి. దెబ్బ తగిలితే టఫ్‌నెస్ పాచిక 25 దాటించాలి లేదా అందుకోవాలి (15కి ర్యాంకు కలిపితే వచ్చే లెక్క). ఐదు లోపు తక్కువైతే ఒక గాటు, ఆ పైన మైకం, ఇంకా పైన తూలిపోవడం, తేడా 16 లేదా అంతకన్నా ఎక్కువైతే పాత్ర పడిపోయినట్టే. హైటెన్షన్ టఫ్‌నెస్ 10 కాబట్టి పాచిక 1 పడినా మొత్తం 11, తేడా 14. తూలుతాడు గానీ ఒక్క దెబ్బకు పడడు. టఫ్‌నెస్ 5 ఉన్నవాడికి పాచిక 1 నుంచి 4 వరకు ఏది పడినా కథ ముగిసినట్టే, అంటే నూటికి 20.

అదే టఫ్‌నెస్ 5 ఉన్న వేగవంతుడి సంగతి వేరు. డాడ్జ్ 15 కాబట్టి అతని మీద దాడి తగలాలంటే 25 కావాలి, ప్రత్యర్థికి పాచిక 15 లేదా పైన పడాలి, నూటికి 30. తగిలి, పడిపోయే అవకాశం రెండూ కలిపితే నూటికి 6. డాడ్జ్ 8 దగ్గర ఆగినవాడికి 18 చాలు, తగిలే అవకాశం నూటికి 65, ఒక్క దాడికి నేలకూలే అవకాశం 13. క్రిటికల్ దెబ్బల లెక్క పక్కన పెట్టినా రెట్టింపుకు మించిన తేడా. ఇద్దరి దగ్గరా పాయింట్లు 150, పవర్ లెవెల్ 10. ముగ్గురు ప్రత్యర్థులు ఒకేసారి మీద పడితే రెండో రౌండు ముగిసేసరికి డాడ్జ్ 8 వాడు ప్రేక్షకుడిగా మారే అవకాశం సగానికి పైనే.

విల్ సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే అది ఎవరికీ గుర్తుండదు. ఫార్టిట్యూడ్ 14 పెట్టుకుని విల్ 6తో సరిపెట్టుకున్న బండవాడి మీద ర్యాంకు 10 మనోనియంత్రణ వేస్తే అతను 20 తెచ్చుకోవాలి. పాచిక 13 లేదా అంతకన్నా తక్కువ పడితే ఏదో ఒక మేరకు చిక్కుతాడు, నూటికి 65. 3 లేదా అంతకన్నా తక్కువ పడితే మొదటి దెబ్బకే పూర్తిగా వశమైపోతాడు. ఇలాంటి మనసు దాడులకు గురి పెట్టే పాచిక కూడా అక్కర్లేదు, కనిపిస్తే చాలు. బృందంలో అందరికన్నా బలంగా కొట్టేవాడు రెండో నిమిషంలో తనవాళ్ల మీదే తిరగబడతాడు.

ఛాంపియన్స్ లెక్కల పుస్తకం

పాయింట్ల ఆటల్లో పెద్దన్న ఛాంపియన్స్. నాలుగో ఎడిషన్ (1989)లో మామూలు హీరోకు 250 పాయింట్లు, అందులో 150 దాకా తన బలహీనతలు అమ్ముకుని తెచ్చుకోవలసినవే. ఆరో ఎడిషన్ (2009)కి వచ్చేసరికి 400 పాయింట్లు నేరుగా ఇచ్చి, 75 పాయింట్ల చిక్కులు రాసుకోమన్నారు. మార్పుకు కారణం ఊహించడం కష్టం కాదు. ఐదుగురు ఆటగాళ్లు ఒక్కొక్కరు వెంటాడే శత్రువులిద్దరు, ఆధారపడిన బంధువొకరు, ఒక రహస్యం, ఒక శపథం రాసుకుంటే జీఎం దగ్గర ఇరవై ఐదు దారాలు పోగవుతాయి. నాలుగు గంటల సెషన్‌లో మూడు లాగితే గొప్ప. మిగతావన్నీ ఊరికే ఇచ్చిన పాయింట్లే.

ఇక్కడ మల్టీపవర్ అని ఒక చట్రం ఉంది. 60 పాయింట్ల నిల్వ ఒకసారి కొని, అందులో పెట్టే ఒక్కో స్థిరమైన పవర్‌కు పదో వంతు కడితే చాలు. 60 పాయింట్ల పవర్లు ఐదు పెడితే 60కి 30 కలిపి 90. విడివిడిగా అయితే 300. హైటెన్షన్ దగ్గర చూసిన వింతే ఇది, పేరు మాత్రం వేరు.

దీనికంటే జాగ్రత్తగా చూడాల్సింది స్పీడు. పన్నెండు సెకన్ల టర్నులో స్పీడు 3 ఉన్నవాడు 4, 8, 12 సెకన్లలో కదులుతాడు. స్పీడు 6 ఉన్నవాడు రెండు సెకన్లకోసారి. ఆరో ఎడిషన్‌లో అందరికీ 2 ఉచితం, ఆపైన ఒక్కోటి 10 పాయింట్లు. అంటే 400లో 30 పాయింట్లు ఎక్కువ పెట్టినవాడికి టేబుల్ మీద వంతులు రెట్టింపు. పవర్‌లో తేడా వేరు, మాట్లాడే సమయంలో తేడా వేరు. రెండోది ఆటగాణ్ణి నేరుగా గుచ్చుతుంది. స్పీడు విషయంలో ఒక పాత్రకూ ఇంకో పాత్రకూ రెండుకు మించి తేడా ఉండకూడదని జీఎం ముందే చెప్పేయడం మేలు.

ఇంకో చిన్న హెచ్చరిక. 12 పాచికల దెబ్బ వేస్తే ముఖాల మొత్తం ఒక లెక్క (సగటున 42), మళ్లీ అవే పాచికల్లో 1కి సున్నా, 6కి రెండు, మిగతావాటికి ఒకటి చొప్పున రెండో లెక్క. అలవాటైనవాళ్లు పదులుగా జతకట్టి నాలుగు సెకన్లలో చెప్పేస్తారు. కొత్తవాళ్లకు నిమిషం పడుతుంది. ఐదుగురు కొత్తవాళ్లున్న టేబుల్‌లో ఒక పోరాటం సాయంత్రం మొత్తాన్ని మింగేస్తుంది.

పాయింటు ధర ఊరిని బట్టి

పుస్తకం ధరలన్నీ ఎక్కడైనా జరిగే కథకు రాసినవి. మన ఆట హైదరాబాద్‌లోనే జరుగుతుందనుకుంటే లెక్క మారుతుంది. హైటెన్షన్ 16 పాయింట్లు పోసి కొన్న ఎగిరే ర్యాంకు 8 అంటే గంటకు 500 మైళ్లు, సుమారు 800 కిలోమీటర్లు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును 12 నిమిషాల్లో చుట్టేస్తాడు. ర్యాంకు 5 అయితే 10 పాయింట్లు, గంటకు 60 మైళ్లు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ మెట్రో లైను 29 కిలోమీటర్లు, ఆకాశంలో సిగ్నళ్లు లేవు కాబట్టి 18 నిమిషాల్లో చేరతాడు. కథలో ఆ రెండింటికీ తేడా ఎన్నిసార్లు వస్తుంది? కింద ఐకియా జంక్షన్‌లో ఇరుక్కున్న విలన్‌తో పోలిస్తే రెండూ ఒకటే. ఆ 6 పాయింట్లు విల్‌కో నైపుణ్యాలకో పోతే పాత్ర బాగుపడుతుంది. అదే ఆట అంతరిక్షంలోకి వెళ్తే ర్యాంకు 8 కూడా చాలదు.

అందుకే "పాయింట్లు సమానమైతే పాత్రలు సమానం" అన్న మాటను ఎంత త్వరగా వదిలేస్తే అంత మంచిది. సమానమైంది బడ్జెట్ మాత్రమే.

క్లాసులు దొడ్డిదారిన తిరిగొచ్చిన వైనం

క్లాసులు లేవని చెప్పుకునే పుస్తకాల్లోనూ అవి వేరే పేర్లతో కనిపిస్తాయి. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్‌లో బ్యాటిల్‌సూట్, పవర్‌హౌస్, స్పీడ్‌స్టర్, మిస్టిక్, గ్యాడ్జెటీర్ లాంటి తయారు నమూనాలున్నాయి. 150 పాయింట్లూ అప్పటికే ఖర్చుపెట్టి ఉంటాయి, రెండు మూడు చోట్ల ఎంపికలు వదిలేసి ఉంటాయి. వీటిని చాలామంది అనుభవజ్ఞులు చిన్నచూపు చూస్తారు. నిజానికి ఆ పుస్తకంలో కింది హద్దు దొరికేది ఆ పేజీల్లోనే. కొత్త ఆటగాడు నమూనా తీసుకుని పది పాయింట్లు అటూ ఇటూ మార్చుకుంటే డాడ్జ్ 8, టఫ్‌నెస్ 5 లాంటి ప్రమాదం రాదు.

మార్వెల్ మల్టీవర్స్ ఆట ఈ తగువును అందరి ముందే తేల్చుకుంది. 2022 నాటి ప్రయోగాత్మక పుస్తకంలో బ్లాస్టర్, బ్రూజర్, జీనియస్, పాలీమ్యాత్, ప్రొటెక్టర్, స్ట్రైకర్ అని ఆరు ఆర్కిటైప్‌లు (పాత్ర మూసలు), 25 దాకా ర్యాంకులు ఉండేవి. 2023లో అసలు పుస్తకం వచ్చేసరికి ఆర్కిటైప్‌లు ఎగిరిపోయాయి, ర్యాంకులు ఆరుకు తగ్గాయి. అందరికీ తెలిసిన హీరోలను ఆరు గదుల్లో సర్దబోతే సగంమంది గుమ్మం దగ్గరే ఇరుక్కుంటారు. అలాంటి లైసెన్సు ఆటకు క్లాసు బరువెక్కువే.

సెంటినెల్ కామిక్స్ ఆట మూటను విప్పి నాలుగు పొట్లాలు కట్టింది: నేపథ్యం, శక్తి మూలం, ఆర్కిటైప్, వ్యక్తిత్వం. ఒక్కో మెట్టులో పాచికలు వేసి, వచ్చినవాటిలో నుంచి ఎంచుకుంటారు. మూలం, రూపం విడిపోయాయి కాబట్టి రోబో వేగవంతుడూ సాధ్యమే, మంత్రశక్తితో నడిచే రోబో కూడా సాధ్యమే. క్లాసు ఇచ్చే పట్టు పోలేదు.

అన్నింటికన్నా తెలివైన పని చేసింది మాత్రం మాస్క్స్ (2016). టీనేజ్ హీరోల ఆట. ఇందులో ప్లేబుక్‌లు (ముందే అచ్చువేసిన పాత్ర పత్రాలు) పది, ఒక్కోటి ఒక్కరికే. అంటే అచ్చమైన క్లాసులు, అదీ కఠినంగా. కానీ ప్లేబుక్ చెప్పేది శక్తి గురించి కాదు, ఆ పిల్లవాడి గొడవ గురించి. లెగసీ అంటే పెద్దల పేరు నిలబెట్టాల్సినవాడు, జేనస్ అంటే ఇంటా బయటా రెండు బతుకులు ఈడ్చేవాడు, నోవా అంటే తన శక్తి తన చేతిలో లేనివాడు. మన లైన్‌మన్ కూతురికి అదే కరెంటు వచ్చిందనుకోండి. ఇంటర్ చదువుతూ, ఎప్‌సెట్ కోచింగ్‌కు వెళ్తూ, రాత్రుళ్లు కేపు కట్టుకుంటే జేనస్. నాన్న పేరు మోస్తే లెగసీ. కోపమొస్తే కాలనీ అంతా కరెంటు పోతే నోవా. మెరుపు ర్యాంకు ఎంత అని ఎవరూ అడగరు. రెండు ఆరు ముఖాల పాచికలు వేసి, డేంజర్, ఫ్రీక్, సేవియర్, సుపీరియర్, మండేన్ అనే ఐదు లేబుళ్లలో ఒకటి కలుపుతారు. 10 లేదా పైన వస్తే పని జరిగింది, 7 నుంచి 9 అయితే ఏదో మూల్యంతో, 6 లోపు అయితే జీఎం వంతు. పెద్దవాళ్లు "నువ్వు ప్రమాదకరమైనదానివి" అంటే ఆ లేబుల్ పెరిగి ఇంకోటి తగ్గుతుంది. ఇద్దరికి ఒకే పవర్ ఉన్నా వాటాలు కలవవు, ఎందుకంటే వాటా పవర్‌లో లేదు.

పోరాటాల్లో అంగుళాలు కొలిచి ఆడాలనుకునేవాళ్లకు మాస్క్స్ మూడో వారానికే చప్పబడుతుంది. అది ఆట తప్పు కాదు.

మీ టేబుల్‌కు ఏది

ముందు చూడాల్సింది వచ్చే జనం. ఆన్‌కాల్ షిఫ్టులు, ఊరెళ్లడాలు, చివరి నిమిషంలో "ఈ వారం కుదరదు" మెసేజీలు ఉన్న బృందానికి ప్లేబుక్‌లో నమూనాలో ఉన్న ఆట కావాలి. కొత్త మనిషి వచ్చి ఇరవై నిమిషాల్లో కూర్చోగలగాలి. మాస్క్స్‌కు లూడో డబ్బాలో పాచికలు చాలు. మ్యూటెంట్స్ అయితే నమూనాలను ఏ4 మీద రెండు వైపులా ప్రింటు తీసి, ఐదుగురు వస్తారనుకుంటే ఎనిమిది షీట్లు సిద్ధంగా పెట్టుకోండి. చివరగా షీటు ఎంచుకునేవాడికి కూడా మూడు నాలుగు మిగలాలి.

అదే ఐదుగురు ఏడాది పాటు వస్తామంటే క్లాసు లేని ఆట కష్టానికి తగ్గ ఫలితం ఇస్తుంది. అయితే మొదటి ఆదివారాన్ని పాత్రలు కట్టడానికే కేటాయించాలి. ఇంటి దగ్గర విడివిడిగా కట్టుకుని వాట్సాప్‌లో పంపమన్న టేబుల్‌లో ఇద్దరు మెరుపు వీరులు, ముగ్గురు మాట్లాడని ఒంటరి యోధులు తేలతారు.

పవర్ లెవెల్ 10కి పనికొచ్చే నేల ఇది. దాడి, ఎఫెక్ట్ కలిపి 18కి తగ్గకూడదు. డాడ్జ్, టఫ్‌నెస్ కలిపి 18, ప్యారీ, టఫ్‌నెస్ కలిపి 18. ఫార్టిట్యూడ్, విల్ రెండూ 6 దాటాలి. పోరాటంతో సంబంధం లేని నైపుణ్యం ఒకటైనా +10 ఉండాలి, లేకపోతే విలన్ జాడ వెతికే గంటంతా ఆ ఆటగాడు ఖాళీగా కూర్చుంటాడు. ఈ అంకెలు జీఎం బోర్డు మీద రాసి పెట్టాలి, షీటు చూసేటప్పుడు వాటితోనే పోల్చాలి.

తరవాత వాటాల కాగితం. ఒక వైపు పనులు రాయండి: గట్టిగా కొట్టడం, గుంపును ఆపడం, జనాన్ని తరలించడం, ఆరా తీయడం, మాటలతో ఒప్పించడం, యంత్రాలు, మాయలు. ప్రతి ఆటగాడూ ఒక గడిలో "నాది" అనీ, రెండు గడుల్లో "చేయగలను" అనీ రాసుకుంటారు. ఒకే గడిలో రెండు "నాది"లు పడితే అక్కడే ఆగి మాట్లాడుకోవాలి. ఆల్టర్నేట్ ఎఫెక్ట్‌లు నాలుగు దాటనివ్వకండి. ఇంకొకరి "నాది" గడిలోకి వెళ్లే ఎఫెక్ట్ ర్యాంకు 6 దగ్గర ఆగాలి. హైటెన్షన్ యంత్రాలను ఆపగలడు సరే, గ్యాడ్జెట్ నిపుణుడు ఆపినంత బాగా ఆపలేడు. ధర మారదు, ర్యాంకు మాత్రమే తగ్గుతుంది. ఆటగాడికి ఒక్క పాయింటు నష్టం కూడా ఉండదు కాబట్టి ఎవరూ పెద్దగా గింజుకోరు.

చివరగా ఒక ఉత్తుత్తి పోరాటం. దాడి +10, దెబ్బ 10 ఉన్న ప్రత్యర్థి ఒకడు, విల్ మీద దాడి చేసేవాడొకడు. ఐదుగురికీ మూడేసి రౌండ్లు, మొత్తం నలభై నిమిషాలు. ఇందులో ఏ పాత్ర పడిపోయినా లెక్కలోకి రాదు. షీటు అప్పటికప్పుడు దిద్దుకోవచ్చు, మొదటి రెండు సెషన్ల వరకూ దిద్దుకోవచ్చని కూడా చెప్పేయండి.

ఒక ఆదివారం గ్యాడ్జెట్ నిపుణుడు రాకపోతే వాటాల కాగితంలో "చేయగలను" అని రాసుకున్నవాళ్లలో ఒకరిని ఆ రోజుకు ముందుకు తీసుకోండి. ర్యాంకు 6 దగ్గర ఆపిన నలిఫైని ఆ ఒక్క సెషన్‌కు 10కి వదిలేయొచ్చు. వచ్చే వారం అతను తిరిగొచ్చాక మళ్లీ 6.